ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలా?

“ఫలానా వాళ్లంతా అంతే” అనే మాటలో నిజం పాలు ఎంత? ఈ విషయం మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాను. ఏ ఊరి వాళ్లు బాకీ తీరుస్తారో, ఏ ఊరి వాళ్లు తిప్పుతారో చెప్పగలను. అది అనుభవం కాదా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

సామెత గిన్నెకు సరిగ్గా సరిపోతుంది. ఒకే బస్తా బియ్యం, ఒకే ఎసరు, ఒకే మంట, మధ్యలో గరిటె పెట్టి కలిపారు. కాబట్టి ఏ మెతుకు నొక్కినా మిగతా అన్నం సంగతి చెప్పేస్తుంది. కలపని రోజు చూడండి. అడుగున మాడుతుంది, పైన పలుకుగా ఉంటుంది. పైన పట్టి చూసినవాడు ఉడకలేదంటాడు, అడుగు గీకినవాడు మాడిందంటాడు. ఇద్దరిదీ అనుభవమే.

మీ కొట్టుకు వచ్చే జనం కలిపిన గిన్నె కాదు. పైగా ఎగ్గొట్టినవాడి పేరు, ఊరు, చొక్కా రంగుతో సహా గుర్తుంటాయి. చెప్పిన తేదీకి తెచ్చి ఇచ్చినవాడి ఊరేదో గుర్తుండదు. దీనికి మందు మీ దగ్గరే ఉంది, అరువు పద్దుల పుస్తకం. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: ఆ ఊరి వాళ్లలో తీర్చినవాళ్లు, తీర్చనివాళ్లు, మిగతా ఊళ్ల వాళ్లలో తీర్చినవాళ్లు, తీర్చనివాళ్లు. ఉదాహరణకు ఆ ఊరి ఖాతాలు 40, అందులో మొండి బాకీలు 6 అనుకుందాం. మిగతా ఊళ్ల ఖాతాలు 160, మొండి బాకీలు 24. రెండు వైపులా నూటికి 15 మందే! కానీ ఆ ఆరుగురూ ఒకే ఊరి పేరు కింద పోగుపడతారు, ఈ 24 మందీ పది ఊళ్లకు చెదిరిపోతారు. మనసులో మిగిలేది రెండో గడి, ఆ ఊరి వాళ్లలో తీర్చనివాళ్లది, ఒక్కటే. మిగతా మూడు గళ్లు నింపకుండా చెప్పే అనుభవాన్ని లెక్కలోకి తీసుకోలేం.

లెక్క వేశాక నిజంగానే తేడా కనిపించవచ్చు కూడా. అప్పుడు ఆ ఊళ్లో పంట డబ్బు ఏ నెలలో చేతికొస్తుందో అడగండి. చాలాసార్లు మనిషి స్వభావం అనుకున్నది కోతల క్యాలెండర్ అయి ఉంటుంది.

ప్రశ్న: ఢిల్లీలో ఉద్యోగం. మధ్యాహ్నం కోడికూర డబ్బా తెరిస్తే తోటివాళ్లకు ఆశ్చర్యం: “మీరు సౌత్ కదా, మాంసం తింటారా?” వీళ్లకీ అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చింది?
– ఒక పాఠకురాలు, న్యూఢిల్లీ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మాకు బాగా నచ్చింది ఇదే. ఎందుకంటే దీనికి కొలబద్ద ఉంది. జనన మరణాల లెక్కలు సేకరించే కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ వాళ్లు 2014 బేస్‌లైన్ సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్ల తిండి అలవాటు అడిగారు. మాంసాహారులు తెలంగాణలో దాదాపు 99 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98, తమిళనాడులో దాదాపు 98, కేరళలో 97. దక్షిణాదిలో కాస్త తక్కువ కర్ణాటక ఒక్కటే, అక్కడా 79. దేశం మొత్తం మీద 71. ఇప్పుడు మీ సహోద్యోగుల వైపు చూడండి. రాజస్థాన్‌లో మాంసం తినేవాళ్లు సుమారు 25, హర్యానాలో 31, పంజాబ్‌లో 33. బటర్ చికెన్‌కు పేరుపడ్డ పంజాబ్‌లో ముగ్గురిలో ఇద్దరు శాకాహారులు. సాంబారుకు పేరుపడ్డ మనవైపు శాకాహారిని వెతికి పట్టుకోవాలి. అభిప్రాయం కొద్దిగా పక్కకు జరగలేదు, పూర్తిగా తలకిందులైంది.

కారణం కలపని గిన్నే. ఉత్తరాది పట్టణాలకు మొదట చేరిన దక్షిణాది మనుషులెవరు? బ్రిటిష్ కాలం నుంచి గుమాస్తా, అకౌంటు ఉద్యోగాలకు వెళ్లిన చదువుకున్న కుటుంబాలు. వాటిలో తమిళ బ్రాహ్మణులు ఎక్కువ. మొదట చేరిన హోటలేది? ఉడిపి హోటల్. ఇడ్లీ, దోసె, సాంబారు అమ్మిన ఆ హోటలే దక్షిణాదికంతటికీ బోర్డు అయి కూర్చుంది. పంజాబ్ విషయంలోనూ ఇదే వరస. 1947 విభజనలో పెషావర్ వైపు నుంచి వచ్చి ఢిల్లీ దరియాగంజ్‌లో తందూరు పెట్టినవాళ్ల వంట దేశమంతా పాకింది. లూధియానా పల్లెలో రోజూ వండుకునే పప్పు, రొట్టె, పెరుగు హోటల్ మెనూకెక్కలేదు. హోటల్‌లో అమ్ముడుపోయేదానికీ ఇంట్లో ఉడికేదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ దొరకదు.

ఒక జాగ్రత్త. ఈ అంకెలు మనుషులు తమ నోటితో చెప్పినవి. శాకాహారం గౌరవమనుకునే చోట మాంసం తినేవాళ్లు కూడా తినమని చెబుతారు. బాలమురళి నటరాజన్, సూరజ్ జాకబ్ అనే పరిశోధకులు 2018లో ఇలాంటి సర్వేలను పోల్చి చూసి, దేశంలో నిజమైన శాకాహారులు 20 శాతం దాకానే ఉండవచ్చని అంచనా వేశారు. అయినా రాష్ట్రాల వరస మారేంత తేడా ఇందులో లేదు.

మీ ఆఫీసులో ఎవరైనా “గుజరాతీలు శాకాహారులు” అంటే మాత్రం కొట్టిపారేయకండి. అక్కడ శాకాహారులు 61 శాతం, దేశ సగటు 29కి రెట్టింపు పైనే. పోలికగా ఆ మాట నిజం. “గుజరాతీ కాబట్టి ఈయన తినడు” అని విందులో పళ్లెం పక్కకు జరిపితే మాత్రం అయిదుగురిలో ఇద్దరి దగ్గర తప్పు చేసినట్టే.

ప్రశ్న: స్టాటిస్టిక్స్ డిగ్రీ చివరి ఏడాది. మూస అభిప్రాయాలు ఎంతవరకు నిజమో కొలిచే ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

‘మూస’ మంచి మాట. స్టీరియోటైప్ అనేది కూడా అచ్చు యంత్రాల దగ్గర పుట్టిన పదమే. కూర్చిన అక్షరాల మీద మూస తీసి, అందులో లోహం పోసి చేసిన పలకకు ఆ పేరు. ఎన్ని వేల కాపీలు తీసినా అక్షరం మారదు. మనుషుల గురించిన అభిప్రాయాలకు 1922లో అమెరికా పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్ ఆ పేరు అంటించారు.

ముందు ప్రశ్నల ఎంపిక. “ఫలానా వాళ్లు సోమరులు” లాంటివి పక్కన పడేయండి. సోమరితనాన్ని కొలిచే తూకం లేదు. జవాబు ప్రభుత్వ లెక్కల్లో దొరికేవే తీసుకోండి: 2011 జనాభా లెక్కలు, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, పైన చెప్పిన 2014 సర్వే. చదువు, తిండి, పెళ్లి వయసు, పిల్లల సంఖ్య, ఇంట్లో సామాను లాంటివి పది అంశాలు చాలు.

“అవునా, కాదా” అని అడగవద్దు. “100 మందిలో ఎంతమంది?” అని అడగండి. ప్రతి అంశానికీ రెండుసార్లు, ఆ సమూహం గురించి ఒకసారి, దేశం మొత్తం గురించి ఒకసారి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తిలోనే అసలు అభిప్రాయం ఉంటుంది. పంజాబ్ శాకాహారుల నిష్పత్తి 67/29, అంటే 2.3. ఆంధ్రది 2/29, 0.07. నిష్పత్తి 1 దగ్గర ఉంటే ఆ గుణానికి ఆ సమూహాన్ని వేరుగా చూపే శక్తి లేదన్నమాట. ఈ పద్ధతి మెకాలీ, స్టిట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులది. 1978లో వాళ్లు నల్లజాతి అమెరికన్ల గురించి విద్యార్థులు, చర్చి గాయక బృందం, యూనియన్ సభ్యులు, సంక్షేమ శాఖ ఉద్యోగులు ఇలా అయిదు రకాల జనాన్ని అడిగి, జవాబులను ప్రభుత్వ లెక్కలతో పోల్చారు. జనం తేడాలను పెంచి చెబుతారని అందరూ అనుకున్నారు. ఎక్కువగా తగ్గించే చెప్పారు.

తర్వాత మార్కులు. రెండు రకాలుగా వేయాలి, ఇక్కడే చాలామంది ప్రాజెక్టు దెబ్బతింటుంది. ఒకటి, అంచనాకూ అసలుకూ సగటు దూరం. రెండోది, కోరిలేషన్, అంటే అంచనాల హెచ్చుతగ్గులు అసలు హెచ్చుతగ్గులతో ఎంతవరకు కలిసి నడిచాయన్న కొలత; పూర్తిగా కలిస్తే 1, సంబంధమే లేకపోతే 0. మాంసాహారుల అసలు శాతాలు తెలంగాణ 99, ఆంధ్ర 98, పంజాబ్ 33, గుజరాత్ 39, రాజస్థాన్ 25 కదా. ఒక విద్యార్థి వరసగా 70, 70, 80, 5, 40 రాశాడనుకోండి. తేడాలు 29, 28, 47, 34, 15, సగటున 30.6. కోరిలేషన్ 0.45. మరో విద్యార్థి 60, 58, 15, 20, 10 రాసింది. తేడాల సగటు 26.2, అంటే ఆమె కూడా బాగానే తప్పింది. కానీ కోరిలేషన్ దాదాపు 1! ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అనేది ఆమెకు కచ్చితంగా తెలుసు; ఎంత అనేదే తెలియదు. ఒక్క మార్కే ఇస్తే ఈ ఇద్దరి మధ్య తేడా మీకు కనిపించనే కనిపించదు.

ఈ రంగంలో పేరున్న మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లీ జస్సిమ్ వాడే గీతలు ఇవి: అసలుకు 10 పాయింట్ల లోపు ఉంటే సరైనది, 10 నుంచి 20 అయితే దగ్గరగా వచ్చినది, 20 దాటితే తప్పు. కోరిలేషన్ 0.4 దాటితే సరైనదిగా లెక్క. ఈ రెండో గీత మరీ ఉదారంగా ఉందని మా అభిప్రాయం. పంజాబ్‌కు 80 రాసినవాడు కూడా దాని కింద పాసైపోయాడు, చూడండి.

60 మందిని అడగండి. అంచనాలు సాధారణంగా 20 పాయింట్ల అటూఇటూ చెదురుతాయనుకుంటే 60 మంది సగటులో పొరపాటు ప్లస్ ఆర్ మైనస్ 5 ఉంటుంది. అంతకంటే చిన్న తేడాల మీద పేరాలు రాయకండి. తరగతిలో అందరికీ ఒకేసారి కాగితాలు పంచితే పక్కవాడిది చూస్తారు, ఫోన్లు తీస్తారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. ఆ సమూహానికి చెందినవాళ్ల జవాబులు వేరే కట్ట కట్టండి. ‘మాంసాహారం’ అన్నప్పుడు గుడ్డు ఏ వైపో ప్రశ్నలోనే రాయండి. చివరిది ముఖ్యమైనది: గుంపు సగటును ఒక్కో మనిషి మార్కుగా చూపించవద్దు. ఒకరి తప్పు పైకి, ఒకరిది కిందికి పోయి సగటులో కొట్టేసుకుంటాయి. గుంపు తెలివైనదిగా కనిపిస్తుంది, అందులోని మనిషి కాదు. రెండూ వేర్వేరు పట్టికల్లో వేయండి.

ప్రశ్న: ఇలాంటి అభిప్రాయాలు చాలావరకు నిజమేనని పరిశోధనల్లో తేలిందట. మరి తప్పని ఎందుకు బోధిస్తారు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

ఏ అభిప్రాయం అన్నదాన్ని బట్టి ఉంటుంది. చదువు, ఆదాయం, ఆడ మగ తేడాలు లాంటి వాటిలో జనం అంచనాలు అసలుతో బాగానే సరిపోతున్నాయని జస్సిమ్ లాంటివాళ్లు చూపించారు. జాతుల స్వభావాల దగ్గరికి వచ్చేసరికి అదే జనం బోల్తా పడ్డారు. 2005లో టెరాచియానో అనే పరిశోధకుడి బృందం 49 సంస్కృతుల్లో “మా దేశం మనిషి ఇలా ఉంటాడు” అన్న వర్ణనలు సేకరించి, ఆ దేశాల మనుషుల వ్యక్తిత్వ పరీక్షలతో పోల్చింది. రెంటికీ దాదాపు సంబంధమే లేదు. సొంత దేశం గురించి అడిగినా అంతే! రాజకీయాల్లో ఇంకా ఘోరం. 2018లో ఆలర్, సూద్ అనే పరిశోధకులు ప్రచురించిన సర్వే ప్రకారం, రిపబ్లికన్ పార్టీ వాళ్లలో ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు దాటి సంపాదించేవాళ్లు 38 శాతమని అమెరికన్లు అనుకుంటున్నారు. నిజానికి 2 శాతం.

కంటికి రోజూ కనబడేది, లెక్కకు అందేది అయితే జనం బాగానే చెబుతారు. స్వభావం గురించీ, ప్రత్యర్థుల గురించీ అయితే చెప్పలేరు. మన ఎన్నికల కబుర్లకు దీన్ని అన్వయించే పని మీకే వదిలేస్తున్నాం.

ఒకవేళ సగటు నిజమే అయినా ఎదుటి మనిషి గురించి అది చెప్పేది తక్కువ. ఎత్తు తీసుకోండి. మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు ఆడవాళ్ల కంటే సుమారు 12–13 సెంటీమీటర్లు ఎక్కువ. చాలా పెద్ద తేడా ఇది. ఎవరో ఒక మగ, ఎవరో ఒక ఆడ మనిషిని పక్కపక్కన నిలబెడితే నూటికి 90 సార్లు పైగా మగమనిషే పొడుగు. మనస్తత్వ పరీక్షల్లో దొరికే తేడాలు చాలావరకు ఇందులో నాలుగో వంతు ఉంటే గొప్ప. ఆ పాటి తేడా ఉన్నచోట “ఆ గుంపువాడికే ఎక్కువ” అని పందెం కాస్తే నూటికి 64 సార్లు గెలుస్తారు. బొమ్మా బొరుసూ వేసినా 50 సార్లు గెలుస్తారు కదా.

ప్రశ్న: మావాడు ఇక్కడే పుట్టాడు. స్కూల్లో “ఇండియన్ కదా, లెక్కలు వచ్చేస్తాయి” అంటారట. పొగడ్తే కదా, పట్టించుకోవాలా?
– ఒక తండ్రి, న్యూజెర్సీ

అక్కడున్న మనవాళ్ల వరకు చూస్తే ఆ మాట గాల్లోంచి పుట్టలేదు. అమెరికాలోని భారతీయ మూలాల పెద్దల్లో నాలుగింట మూడు వంతుల మంది డిగ్రీ గానీ అంతకు మించి గానీ చదివినవాళ్లు. అది జల్లెడ చేసిన పని. ఏడాదికి 65,000 హెచ్1బీ వీసాలు, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000. డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ లేనిదే ఆ వరసలో నిలబడే వీలు లేదు. జల్లెడలోంచి వచ్చిన పిండిని చూసి పొలమంతా పిండే అనుకుంటున్నారు మీ వాడి స్నేహితులు.

పట్టించుకోవాల్సింది ఒక్కచోట: లెక్కలు రాక తంటాలు పడుతుంటే టీచరు గమనించకపోవడం. వాడి పరీక్ష కాగితాలు మీరే ఒకసారి తిరగేయండి.

ప్రశ్న: కొన్ని కులాల పేర్లు పోలీసు రికార్డుల్లోనే ఎక్కువ ఉండేవి కదా. రికార్డు కూడా మూస అభిప్రాయమేనా?
– ఒక పాఠకుడు, బాపట్ల

మీ జిల్లాలోనే దీనికి జవాబుంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే నేరస్థులని కొన్ని సంచార జాతులను జాబితాలో ఎక్కించారు. మన వైపు ఎరుకలవాళ్లు అందులో పడ్డారు. ఉప్పు, ధాన్యం గాడిదల మీదా ఎద్దుల మీదా మోసి అమ్ముకుని బతికినవాళ్లకు రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో, జాబితాలో ఉన్నవాళ్లను ఉంచే స్టువర్టుపురం సెటిల్‌మెంట్ ఏర్పడింది. అందులోని పెద్దలు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు.

ఇప్పుడు రికార్డు ఎలా తయారవుతుందో చూడండి. చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా మొదట పట్టుకునేది జాబితాలో ఉన్నవాళ్లను. హాజరు తప్పితే అదే ఒక నేరం. సెలవు చీటీ లేకుండా సంతకు వెళితే మరో నేరం. జాబితాలో లేనివాడు అసలు చేయలేని నేరాలివి! ఏడాది తిరిగేసరికి స్టేషన్ పుస్తకంలో ఆ పేర్లే నిండుతాయి. ఆ పుస్తకం చూపించి జాబితా సరైనదేనంటారు. 1952లో చట్టం రద్దయింది, పేరు మాత్రం పోలేదు.

కాబట్టి మూస అభిప్రాయాన్ని కొలవడానికి తీసుకున్న కొలబద్ద ఆ అభిప్రాయంతోనే తయారైందా అని ముందు చూడాలి. ఎంతమంది చేశారు అని కాదు, ఎంతమందిని ఎక్కడ వెతికారు అని అడగండి.

ప్రశ్న: ఆడవాళ్లకు డ్రైవింగ్ రాదంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

తిరిగిన కిలోమీటర్లతో భాగించి చూసిన అమెరికా లెక్కల్లో ప్రాణాంతక ప్రమాదాలు మగ డ్రైవర్లవే ఎక్కువ. ఐరోపాలో బీమా కంపెనీలు కుర్ర డ్రైవర్లలో ఆడపిల్లలకు తక్కువ ప్రీమియం వేసేవి. ఆడ మగ తేడా చూపకూడదని 2011లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పాక ఆపేశాయి. డబ్బు పెట్టేవాడు ఏ వైపు పందెం కాశాడో తెలిసింది కదా.

ప్రశ్న: రెండు పోర్షన్లు అద్దెకిస్తాను. బ్యాచిలర్లు గోల చేస్తారు, అద్దె ఎగ్గొడతారు. ఇవ్వనంటే తప్పా?
– ఒక ఇంటి యజమాని, కూకట్‌పల్లి

వాదన కోసం మీ మాటే నిజమనుకుందాం: కుటుంబాల్లో నూటికి 5, బ్యాచిలర్లలో నూటికి 10 ఎగ్గొడతారు. రెట్టింపు! అయినా బోర్డు మీద “ఫ్యామిలీస్ ఓన్లీ” అని రాసి మీరు వెనక్కి పంపే వందలో 90 మంది సక్రమంగా కట్టేవాళ్లు. పోర్షన్ ఖాళీగా ఉన్న నెల అద్దె మాత్రం కచ్చితంగా పోయినట్టే. అద్దె ఎగ్గొట్టే ఆ అయిదు కుటుంబాలను మాత్రం ఆ బోర్డు ఆపజాలదు.

మనిషి గురించి ఏమీ తెలియనప్పుడే గుంపు సగటు పనికొస్తుంది. పది నిమిషాల్లో తెలుసుకోగలిగినప్పుడు దానితో పనేముంది? కంపెనీ ఐడీ, మూడు నెలల జీతం చీటీలు, రెండు నెలల అడ్వాన్సు, 11 నెలల అగ్రిమెంటు, ఎంతమంది ఉంటారో అందులో పేర్లతో సహా. అన్నిటికంటే విలువైనది పాత ఇంటి యజమానికి ఒక ఫోన్. అయితే ఇప్పుడున్న ఇంటి యజమానికి కాదు, వదిలించుకోవాలని ఆయన మంచిగా చెప్పవచ్చు. అంతకు ముందు ఇంటి ఆయనకు చేయండి. ఇవే ప్రశ్నలు కుటుంబాలనూ అడగండి.

మీరు అడగకపోయినా చెప్పాల్సినది ఒకటి. పేరు వినగానే “ఖాళీ లేదు” అనే అలవాటు ఇళ్ల దగ్గరే కాదు, ఉద్యోగాల్లోనూ ఉంది. థోరట్, అట్టెవెల్ అనే పరిశోధకులు 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి 2007లో ఫలితాలు ప్రచురించారు. చదువులు సమానం, పేర్లు వేరు. సవర్ణ హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడో వంతు.

ప్రశ్న: ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. స్కాలర్‌షిప్ ఫారాల కోసం కేటగిరీల వారీగా పేర్లు చదివి పిల్లల్ని లేపుతాం. దీనివల్ల నష్టముందా?
– ఒక ఉపాధ్యాయిని, ఆదిలాబాద్

ఉంది, కొలిచిన నష్టమే. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చారు. ఎవరి కులమూ ప్రస్తావించనప్పుడు దళిత పిల్లలు, అగ్రకులాల పిల్లలు సమానంగా చేశారు. మొదలుపెట్టే ముందు పేరు, ఊరు, తండ్రి, తాత పేర్లతో పాటు కులం కూడా అందరి ముందు చదివినప్పుడు దళిత పిల్లలు పూర్తిచేసిన పజిళ్లు దాదాపు అయిదో వంతు తగ్గాయి. అవే పజిళ్లు, అలాంటి పిల్లలే. ఆ తరువాతి కాగితాలు మాత్రమే ఎవరైనా చూస్తే “ఆ పిల్లలు వెనకబడ్డారు” అనే రాస్తారు.

లేపడం మానేయండి. ఫారాలను రోల్ నంబరు వరసలో తరగతి మొత్తానికీ ఒకేసారి ఇవ్వండి, వర్తించనివాళ్లు ఖాళీగా తిరిగి ఇస్తారు. కుల ధ్రువపత్రాల జిరాక్సులు కవర్లో పెట్టి ఆఫీసు గదిలో తీసుకోండి, పరీక్ష ఉన్న రోజు మాత్రం వద్దు. హాజరు పట్టీలో కేటగిరీ గడి ఉంటే పిల్లల చేత హాజరు వేయించకండి. యూనిట్ టెస్ట్ పేపరు మీద పేరు బదులు నంబరు చివరి పేజీలో రాయించండి; దిద్దేటప్పుడు మీకూ కనబడదు.